కాలుష్యం, అయొడిన్, థైరాయిడ్: తల్లీబిడ్డల లెక్క ఎందుకు వేరు?

1976 జులై 10. ఉత్తర ఇటలీలో మిలాన్ నగరానికి దగ్గర్లోని ఒక రసాయన కర్మాగారంలో రియాక్టర్ అదుపు తప్పి వేడెక్కింది. అందులోని ఆవిరి ఆకాశంలోకి ఎగజిమ్మింది. టీసీడీడీ అనే అత్యంత విషపూరితమైన డయాక్సిన్ కలిసిన ఆ మేఘం సెవెసో పట్టణం మీద, చుట్టుపక్కల ఊళ్ల మీద దిగింది. కోళ్లు, కుందేళ్లు చచ్చిపోయాయి. పిల్లల ముఖాల మీద పొక్కులు లేచాయి. కాలుష్య తీవ్రతను బట్టి అధికారులు ఆ ప్రాంతాన్ని మండలాలుగా విడదీసి, అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న 'ఎ' మండలం నుంచి జనాన్ని ఖాళీ చేయించారు.

రెండు, మూడు దశాబ్దాలు గడిచాయి. 1994 నుంచి 2005 మధ్య ఆ ప్రాంతపు మహిళలకు పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల రక్తపరీక్షల వివరాలను ఇటలీ పరిశోధకులు బయటికి తీశారు. పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో టీఎస్‌హెచ్ ఎంత ఉందన్నదే వారు చూసింది. కాలుష్యం సోకని ప్రాంతపు తల్లుల పిల్లల్లో 2.8 శాతం మందికి అది మిల్లీలీటరుకు 5 మైక్రో యూనిట్లు దాటింది. ఒక మోస్తరుగా కలుషితమైన 'బి' మండలంలో 4.9 శాతం మందికి దాటింది. 'ఎ' మండలపు తల్లుల పిల్లల్లో ఏకంగా 16.1 శాతం మందికి. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి.

టీఎస్‌హెచ్ అంటే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. థైరాయిడ్ నుంచి వచ్చే హార్మోను చాలడం లేదని తోచినప్పుడు ఆ ఆజ్ఞ గట్టిపడుతుంది. ఆ పిల్లల్లో ఒక్కరూ డయాక్సిన్ మేఘాన్ని చూడలేదు. చూసింది వాళ్ల తల్లులు, అదీ చిన్నపిల్లలుగానో యువతులుగానో ఉన్నప్పుడు. మనిషి ఒంట్లో చేరిన టీసీడీడీ సగానికి తగ్గడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. తల్లి కొవ్వులో దాక్కున్న పాత కాలుష్యం కడుపులో బిడ్డ దాకా వచ్చిందన్నమాట.

పర్యావరణ కాలుష్యానికీ థైరాయిడ్‌కూ ఉన్న సంబంధంపై గత మూడు దశాబ్దాల్లో జరిగిన పరిశోధనలో ఇంత స్పష్టమైన ఫలితాలు తక్కువ. చాలాచోట్ల చిత్రం మసకగా ఉంటుంది. ఒకే రసాయనం ఒక ఊళ్లో హాని చేసినట్టు, మరో ఊళ్లో ఏమీ చేయనట్టు కనిపిస్తుంది. ఈ తేడాకు ఒక ముఖ్యమైన కారణం తల్లి ఒంట్లో అయొడిన్ ఎంత ఉందన్నదే. భారత్‌లో ఈ విషయం మీద ఎక్కువ చర్చ జరగాల్సింది కూడా ఇక్కడే.

మొదటి నెలల్లో అంతా తల్లిదే

థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయొడిన్‌ను పట్టుకుని హార్మోనుగా మారుస్తుంది. టీ4 అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు, టీ3లో మూడు. పెద్దవారిలో ఇవి ఒంటి వేడిని, గుండె వేగాన్ని, బరువును అదుపు చేస్తాయి. పిండంలో వీటి పని వేరు. మెదడు కణాలు పుట్టిన చోటి నుంచి తాము ఉండాల్సిన పొరకు చేరుకోవడం, ఒకదానితో ఒకటి తీగలు కలుపుకోవడం, ఆ తీగల మీద పూత ఏర్పడటం ఇవన్నీ థైరాయిడ్ హార్మోను సమయానికి అందితేనే సవ్యంగా జరుగుతాయి.

పిండానికి సొంత థైరాయిడ్ 10 నుంచి 12 వారాల నాటికి అయొడిన్‌ను పట్టుకోవడం మొదలుపెడుతుంది. చెప్పుకోదగ్గ మోతాదులో హార్మోను తయారయ్యేది 16 నుంచి 20 వారాల మధ్య. అప్పటిదాకా బిడ్డ మెదడుకు అందేది తల్లి టీ4 మాత్రమే. ఆ తర్వాత కూడా ముడిసరుకైన అయొడిన్ మొత్తం తల్లి నుంచి మాయ ద్వారానే రావాలి. అందుకే గర్భిణి థైరాయిడ్ మామూలు కన్నా దాదాపు సగం ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయొడిన్ చాలని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 కావాలంటుంది.

పుట్టిన బిడ్డ పరిస్థితి ఇంకా సున్నితం. పెద్దవారి గ్రంథిలో నెలలకు సరిపడా హార్మోను నిల్వ ఉంటుంది. కొన్నాళ్లు అయొడిన్ అందకపోయినా, ఏదైనా రసాయనం అడ్డం పడినా ఆ నిల్వతో నెట్టుకొస్తారు. నవజాత శిశువు గ్రంథిలో ఉండేది ఒక్క రోజుకు సరిపోయేంత కూడా కాదు. ఏ రోజుది ఆ రోజు తయారు చేసుకోవాల్సిందే. ఆరోగ్యవంతులైన పెద్దల మీద పరీక్షించి 'ఈ మోతాదు వరకు ప్రమాదం లేదు' అని తేల్చిన అంకెలను శిశువుల విషయంలో గుడ్డిగా నమ్మకూడదనడానికి కారణం ఇదే.

తల్లి హార్మోను తగ్గితే ఏమవుతుందో 1999లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరిగిన అధ్యయనం చూపింది. గర్భిణిగా ఉన్నప్పుడు థైరాయిడ్ లోపం ఉండీ చికిత్స అందని తల్లుల పిల్లలకు 7 నుంచి 9 ఏళ్ల వయసులో ఐక్యూ పరీక్ష చేస్తే, మిగతా పిల్లల కన్నా సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చాయి. దీనికి ఎదురుగా చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. బ్రిటన్, ఇటలీలలో వేల మంది గర్భిణులను పరీక్షించి, లోపం ఉన్నవారికి మందు ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో మూడేళ్ల వయసు పిల్లల ఐక్యూలో తేడా కనిపించలేదని 2012లో తేలింది. అయితే ఆ ప్రయోగంలో చికిత్స మొదలయ్యేసరికే చాలామందికి 12 వారాలు దాటిపోయాయి. మందు పనిచేయలేదా, ఆలస్యంగా అందిందా అన్న వాదన వైద్యుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

ఏ మజిలీలో అడ్డు పడుతుంది?

అయొడిన్ తిండిలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి గ్రంథిలోకి, హార్మోనుగా మారి మళ్లీ రక్తంలోకి, చివరికి మెదడుకు చేరే దాకా ఒక ప్రయాణం చేస్తుంది. కాలుష్య కారకాలు ఈ ప్రయాణంలో వేర్వేరు మజిలీల దగ్గర కాపు కాస్తాయి.

మొదటిది గ్రంథి గుమ్మం. రక్తంలోని అయొడైడ్‌ను కణంలోకి లాగే సింపోర్టర్ అనే ప్రొటీన్ ఇక్కడ ఉంటుంది. పెర్‌క్లోరేట్, థయోసయనేట్, నైట్రేట్ అనే మూడూ అయొడైడ్‌తో పోటీపడి ఈ ప్రొటీన్‌ను ఆక్రమిస్తాయి. ఇదే ప్రొటీన్ పాలిచ్చే తల్లి రొమ్ములోనూ ఉంటుంది. పాలలోకి అయొడిన్‌ను పంపేది అదే. అంటే ఒకే రసాయనం తల్లి గ్రంథికి అయొడిన్‌ను తగ్గిస్తుంది, పాలలో తగ్గిస్తుంది, తాను పాలతో పాటు బిడ్డ ఒంట్లోకి వెళ్లి అక్కడ మళ్లీ అదే పని చేస్తుంది.

రెండోది గ్రంథి లోపలి తయారీ. అయొడిన్‌ను హార్మోనుగా కూర్చే ఎంజైమును కొన్ని రసాయనాలు పని చేయనివ్వవు. మన పొలాల్లో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ మాంకోజెబ్. ఎం-45 అంటే రైతులకు వెంటనే తెలుస్తుంది. మిరప, టమాటా, ద్రాక్ష, బంగాళాదుంప తోటల్లో తెగుళ్లకు కొట్టే మందు ఇది. ఒంట్లోనూ, నిల్వలోనూ ఇది విడిపోయినప్పుడు ఎథిలీన్ థయోయూరియా వస్తుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేసే రోగులకు ఇచ్చే మాత్రలు ఏ ఎంజైమును ఆపుతాయో ఇదీ దాన్నే ఆపుతుంది. కోస్టారికాలో అరటి తోటల పక్కన నివసించే గర్భిణుల మూత్రంలో ఈ పదార్థాన్ని పరిశోధకులు ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. ఐరోపా యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని పునరుద్ధరించకూడదని నిర్ణయించింది. హార్మోన్ల పనిని చెడగొడుతుందన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. అదే ఏడాది భారత ప్రభుత్వం నిషేధించాలనుకున్న 27 పురుగుమందుల ముసాయిదాలోనూ దాని పేరుంది. తర్వాత అది కొన్ని పంటలకు పరిమితులు పెట్టడం దగ్గర ఆగింది. మందు దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతోంది. మందు కలిపేది, కొట్టేది ఎక్కువగా మగవారే కావచ్చు. కానీ మందు కొట్టిన చేలో మిరపకాయలు కోసేది, కలుపు తీసేది ఆడవాళ్లు. వారిలో గర్భిణులూ ఉంటారు.

మూడోది రక్తంలో రవాణా. టీ4ను మోసే ట్రాన్స్‌థైరెటిన్ అనే వాహక ప్రొటీన్ మీద పీసీబీలు ఒంట్లో మారగా వచ్చే రూపాలు, పీఫాస్ రసాయనాల్లో కొన్ని ఎక్కి కూర్చుంటాయి. రూపంలో హార్మోనుకు దగ్గరగా ఉండటమే వాటికి ఆ వీలు కల్పిస్తుంది. నాలుగోది కాలేయం. డయాక్సిన్లు, పీసీబీలు కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి, ఉన్న హార్మోనును కూడా త్వరగా బయటికి పంపేస్తాయి.

రాకెట్లు, టపాసులు, బావి నీళ్లు

వీటిలో బాగా అర్థమైనది పెర్‌క్లోరేట్. దాని చరిత్రే చిత్రమైనది. థైరాయిడ్ మితిమీరి పనిచేసేవారికి 1950లలో దీన్ని మందుగా ఇచ్చేవారు. కొందరిలో రక్తకణాల తయారీ దెబ్బతినడంతో దాని వాడకం బాగా తగ్గింది. అంటే ఇది థైరాయిడ్‌ను అణచగలదన్నది ఎవరో అనుమానిస్తున్న సంగతి కాదు. డాక్టర్లు ఆ పని కోసమే వాడారు. తాగునీటిలో ఉండే చిన్న మోతాదు ఎంత చేస్తుందన్నదే ప్రశ్న.

అమ్మోనియం పెర్‌క్లోరేట్ రాకెట్ల ఘన ఇంధనంలో ముఖ్య భాగం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మండేది దీని బలంతోనే. టపాసుల్లో పొటాషియం పెర్‌క్లోరేట్ వాడతారు. చిలీలోని అటకామా ఎడారిలో ఇది సహజంగానే నేలలో ఉంటుంది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అంటుకోదు. అందుకే నేల మీద పడ్డది భూగర్భ జలాల్లోకి తొందరగా దిగిపోతుంది. రంగు, వాసన ఉండవు. కాచి వడపోస్తే పోదు. ఆర్వో యంత్రాలు మాత్రం చాలావరకు ఆపుతాయి.

భారత్‌లో రెండు చోట్ల దీని ఉనికిని శాస్త్రవేత్తలు గట్టిగా నమోదు చేశారు. ఒకటి తమిళనాడులోని శివకాశి. టపాసుల కర్మాగారాల చుట్టుపక్కల భూగర్భ జలాల్లో లీటరుకు 7 వేల మైక్రోగ్రాములు దాటిన నమూనా కూడా దొరికిందని 2013లో వెలువడిన అధ్యయనం తెలిపింది. రెండోది కేరళలో ఎర్నాకుళం జిల్లా ఆలువా సమీపం. రాకెట్ ఇంధనానికి కావాల్సిన అమ్మోనియం పెర్‌క్లోరేట్ తయారుచేసే అంతరిక్ష శాఖ ప్లాంటు అక్కడుంది. ఆ చుట్టుపక్కల బావుల్లో వేల మైక్రోగ్రాముల స్థాయిని తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ లవణాన్ని విడగొట్టే బ్యాక్టీరియాతో నీటిని శుద్ధి చేసే పద్ధతి మీద కూడా వాళ్లే పని చేశారు.

ఈ అంకెలు ఎంత పెద్దవో తెలియాలంటే పరిమితులు చూడాలి. తాగునీటిలో కాలిఫోర్నియా 2007 నుంచి అనుమతిస్తున్నది లీటరుకు 6 మైక్రోగ్రాములు. మసాచుసెట్స్‌లో 2. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 70. అమెరికా కేంద్ర ప్రభుత్వం జాతీయ పరిమితి పెడతామని 2011లో చెప్పి, 2020లో వెనక్కి తగ్గింది. అలా తగ్గడం చెల్లదని 2023లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. భారత్‌లో తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500లో నైట్రేటుకు, ఫ్లోరైడుకు, ఆర్సెనిక్‌కు పరిమితులున్నాయి. పెర్‌క్లోరేట్ ఊసే లేదు. ప్రమాణంలో లేనిదాన్ని ప్రభుత్వ ప్రయోగశాల మామూలుగా పరీక్షించదు. పరీక్షించనిది ఉన్నట్టు ఏ లెక్కలోనూ తేలదు.

టపాసుల ప్రభావం తయారీ ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలోని ఓక్లహోమాలో ఒక చెరువు దగ్గర టపాసులు కాల్చిన 14 గంటల్లోపే నీటిలో పెర్‌క్లోరేట్ మామూలు స్థాయికి 24 నుంచి 1,028 రెట్ల దాకా పెరిగిందని, తిరిగి తగ్గడానికి 20 నుంచి 80 రోజులు పట్టిందని 2007లో ప్రచురితమైన పరిశీలన చెప్పింది. దీపావళి మర్నాడు మన నగరాల్లో గాలి నాణ్యత అంకెలు పత్రికల మొదటి పేజీలో వస్తాయి. చెరువుల నీటి సంగతి ఎవరూ అడగరు.

అదే విషం, వేర్వేరు ఫలితాలు

ఇప్పుడు అసలు చిక్కుముడి. చిలీలో టాల్టాల్ అనే ఊరి కుళాయి నీళ్లలో లీటరుకు సుమారు 114 మైక్రోగ్రాముల పెర్‌క్లోరేట్ ఉండేది. కాలిఫోర్నియా పరిమితికి 19 రెట్లు. అక్కడి గర్భిణులను, నవజాత శిశువులను పెర్‌క్లోరేట్ తక్కువగా ఉన్న మరో రెండు ఊళ్లవారితో పోల్చి చూస్తే థైరాయిడ్ హార్మోన్లలో తేడా లేదని 2005లో తేలింది. భయం అనవసరమనే వాదనకు ఈ అధ్యయనం బలమైన ఆధారమైంది.

ఆ మరుసటి ఏడాది అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు దేశవ్యాప్త సర్వేలో సేకరించిన మూత్రం, రక్తం నమూనాలను విశ్లేషించారు. పరీక్షించిన ప్రతి ఒక్కరి మూత్రంలోనూ పెర్‌క్లోరేట్ ఉంది. మగవారిలో దానికీ హార్మోన్లకూ సంబంధం కనిపించలేదు. ఆడవారిలో, అందునా మూత్రంలో అయొడిన్ లీటరుకు 100 మైక్రోగ్రాముల కన్నా తక్కువగా ఉన్నవారిలో, పెర్‌క్లోరేట్ పెరిగేకొద్దీ టీ4 తగ్గుతూ టీఎస్‌హెచ్ పెరుగుతూ ఉంది. వీరు తాగే నీటిలో టాల్టాల్ స్థాయి లేదు. అయినా ప్రభావం కనిపించింది.

తేడా ఎక్కడుంది? చిలీ అధ్యయనంలోని మహిళలకు అయొడిన్ పుష్కలంగా అందుతోంది. గుమ్మం దగ్గర పోటీ అంటే అంకెల పోటీయే. అయొడైడ్ సైన్యం పెద్దదైతే పెర్‌క్లోరేట్ కొన్ని ప్రొటీన్లను ఆక్రమించినా పని ఆగదు. అయొడైడ్ పలచబడితే కొద్దిపాటి పెర్‌క్లోరేట్ కూడా ఆటంకమే. 2014లో బ్రిటన్, ఇటలీ గర్భిణుల నమూనాలతో వచ్చిన మరో అధ్యయనం దీన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. అప్పటికే థైరాయిడ్ కొద్దిగా తగ్గి ఉన్న తల్లుల్లో పెర్‌క్లోరేట్ అత్యధికంగా ఉన్న పదో వంతు మంది పిల్లలకు మూడేళ్ల వయసులో ఐక్యూ తక్కువగా వచ్చే అవకాశం ఎక్కువని అందులో తేలింది.

థయోసయనేట్‌ది కూడా ఇదే కథ. పొగాకు పొగ దానికి ప్రధాన మూలం. డెన్మార్క్‌లో పొగతాగే తల్లుల పాలలో అయొడిన్ తాగని తల్లుల పాలలో ఉన్నదానికి సగమే ఉందని 2004లో తేలింది. మన దగ్గర పొగతాగే ఆడవాళ్లు తక్కువే గానీ, ఇంట్లో మగవారు తాగే పొగను పీల్చేవాళ్లు తక్కువేమీ కాదు. నైట్రేటు సంగతి తెలుగువారికి మరీ దగ్గరిది. యూరియా, మురుగు, పశువుల పెంటకుప్పల నుంచి దిగే నైట్రేటు పరిమితి దాటిన భూగర్భ జల నమూనాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు నాలుగో వంతు ఉన్నాయని కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక చెబుతోంది. సింపోర్టర్ మీద నైట్రేటు పట్టు పెర్‌క్లోరేటు కన్నా చాలా బలహీనం. కానీ నీళ్లలో ఉండే మోతాదు మైక్రోగ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో.

ఉప్పు లెక్క

కాబట్టి ఒక దేశంలో గర్భిణులకు ఈ కాలుష్యం ఎంత ప్రమాదమన్నది ఆ దేశపు ఉప్పును చూడకుండా చెప్పలేం. భారత్‌లో ఈ కథకు ఆద్యుడు ఒక తెలుగువాడు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్‌డా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. ఆరేళ్లకు అయొడిన్ అందిన భాగాల్లో గొంతువాపు సగం మేర తగ్గింది. మూడో భాగంలో ఎప్పటిలాగే ఉంది. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి, తర్వాత దేశమంతటా అయొడిన్ ఉప్పు విధానానికి ఈ ప్రయోగమే పునాది. అయొడిన్ లేని ఉప్పును తిండికి అమ్మడంపై నిషేధాన్ని 2000లో ఎత్తేసి, 2006లో మళ్లీ తెచ్చారు.

నిబంధన ప్రకారం వినియోగదారుడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయొడిన్ ఉండాలి. 2018-19 జాతీయ అయొడిన్ సర్వేలో ఆ మేరకు ఉన్న ఉప్పు వాడుతున్న ఇళ్లు 76.3 శాతం. అట్టడుగున ఉన్న రాష్ట్రాలు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, ఒడిశా, జార్ఖండ్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 63.9 శాతమే. మొదటి నాలుగు రాష్ట్రాల్లోనూ ఉప్పు పండుతుంది. నౌపడ, చినగంజాం వంటి చోట్ల మడుల నుంచి వచ్చే రాళ్లుప్పు చవకగా, తేలిగ్గా దొరుకుతుంది. ఆవకాయకు, ఎండు చేపలకు అదే వాడతారు. చాలా ఇళ్లలో పులుసులోకీ అదే పడుతుంది. పట్టణాల్లో సమస్య మరో రూపంలో వచ్చింది. 'సహజం' అన్న పేరుతో సైంధవ లవణం, గులాబీ ఉప్పు ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. వాటిలో విడిగా కలిపితే తప్ప అయొడిన్ నామమాత్రమే. రామలింగస్వామి పుట్టిన జిల్లాలోనే నౌపడ ఉప్పు మడులు ఉన్నాయన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

శివకాశి ఉన్న తమిళనాడు ఈ జాబితాలో అన్నిటికన్నా కింద, 61.9 శాతంతో ఉంది. రాష్ట్ర సగటు నుంచి ఒక ఊరి గర్భిణుల పరిస్థితిని చెప్పలేం. అయితే పెర్‌క్లోరేట్ ఎక్కువ, అయొడిన్ తక్కువ అనే జోడీ ఎక్కడైనా ఉంటుందా అని వెతకాలంటే మొదట వెళ్లాల్సిన చోట్లలో అది ఒకటి. ఉప్పును ఆరోగ్య శాఖ చూస్తుంది, నీటిని వేరే శాఖలు చూస్తాయి. రెండు లెక్కలనూ ఒకే తల్లి మీద కలిపి చూసే ఏర్పాటు లేదు.

అయొడిన్ ఎక్కువైనా చేటే. గర్భిణులు సముద్రపు నాచు మాత్రలు మింగడం, పసిబిడ్డ బొడ్డు మీద పొవిడోన్ అయొడిన్ ద్రావణం పదేపదే పూయడం వల్ల శిశువు థైరాయిడ్ కొంతకాలం మందగించే అవకాశం ఉంది. కావాల్సింది రోజూ సరిపడా, అంతే.

తేలనివి, తేల్చకూడనివి

అయొడిన్‌తో తీరని కాలుష్యాలూ ఉన్నాయి. సెవెసో డయాక్సిన్ అలాంటిదే. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 1990లలో జరిగిన పరిశోధనలో పాలలో డయాక్సిన్లు, పీసీబీలు ఎక్కువున్న తల్లుల్లో టీ3, టీ4 తక్కువగా, వారి శిశువుల్లో రెండో వారం, మూడో నెలల్లో టీఎస్‌హెచ్ ఎక్కువగా కనిపించాయి. అంటుకోని పెనాలకు వాడే పీఫాస్ రసాయనాల్లో ఒకటైన పీఎఫ్‌ఓఏకు, థైరాయిడ్ జబ్బుకు సంబంధం ఉండే అవకాశం ఉందని అమెరికాలో కోర్టు ఒప్పందంతో ఏర్పడిన శాస్త్రవేత్తల బృందం 2012లో తేల్చింది. ఐరోపా, అమెరికాలలో 9,931 మంది గర్భిణుల వివరాలతో 2019లో వచ్చిన విశ్లేషణలో గాలిలో పీఎం2.5 ప్రతి 5 మైక్రోగ్రాములు పెరిగినప్పుడల్లా టీ4 తక్కువగా ఉండే అవకాశం 21 శాతం పెరిగింది. భారత్‌లో వార్షిక పరిమితే 40 మైక్రోగ్రాములు.

ఇవన్నీ చదివి ప్రతి థైరాయిడ్ లోపానికీ కాలుష్యమే కారణమనుకోవడం పొరపాటు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉందని తేలింది. అయొడిన్ అందుతున్న చోట్ల అందులో పెద్ద వాటా సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం వల్ల వచ్చేది. ఒక గర్భిణి టీఎస్‌హెచ్ పెరగడానికి ఫలానా రసాయనమే కారణమని రక్తపరీక్ష చూసి ఏ డాక్టరూ చెప్పలేరు. నల్గొండ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫ్లోరైడు మీద కూడా థైరాయిడ్‌కు సంబంధించిన ఆధారాలు పరస్పర విరుద్ధంగానే ఉన్నాయి. ఎముకలు, పళ్ల విషయంలో ఉన్నంత స్పష్టత అక్కడ లేదు.

తల్లిపాలలో కాలుష్యాలున్నాయన్న వార్త రాగానే పాలివ్వడం మానేయాలా అన్న ప్రశ్న వస్తుంది. మానకూడదు. అమెరికాలో పరీక్షించిన పొడి పాల డబ్బాలన్నిటిలోనూ పెర్‌క్లోరేట్ బయటపడింది. డబ్బా పాలను కలిపేది ఆ ఊరి నీళ్లతోనే. తల్లిపాలు ఇచ్చే రక్షణ డబ్బాలో రాదు. తల్లికి అయొడిన్ సరిపడా ఉంటే పాలలోనూ ఉంటుంది. గర్భం నిలవకముందు నుంచే ఇంట్లో అయొడిన్ ఉప్పు వాడటం, దాన్ని మూత ఉన్న డబ్బాలో ఉంచి వంట చివర్లో వేయడం, మొదటి మూడు నెలల్లోనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవడం, ఇంట్లో పొగతాగనివ్వకపోవడం కుటుంబం చేయగలిగినవి. బావి నీటిలో ఏముందో తెలుసుకోవడం కుటుంబం చేతిలో లేదు.

సెవెసో పిల్లల సంగతి బయటపడటానికి ఒక మామూలు కారణం ఉంది. ఇటలీలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ రక్తంతో థైరాయిడ్ పరీక్ష చేసి, ఫలితాన్ని దాచిపెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పరీక్షను అయొడిన్ కొలతగానూ వాడుతుంది. టీఎస్‌హెచ్ 5 దాటిన శిశువులు 3 శాతం లోపు ఉంటే ఆ ప్రాంతంలో అయొడిన్ చాలినంత ఉన్నట్టు లెక్క. హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్ష మందికి పైగా శిశువులను పరీక్షించిన ఐసీఎంఆర్ అధ్యయనం 2018లో వెలువడింది. ప్రతి 1,130 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉందని అందులో తేలింది. చెన్నైలో అది 727 మందికి ఒకరు. వీరికి మొదటి వారాల్లోనే మాత్ర మొదలుపెడితే మెదడు ఎదుగుదల దెబ్బతినదు. మాత్ర ఖరీదు రోజుకు కొద్ది రూపాయలే. కేరళ, గోవా ప్రభుత్వాలు ఈ పరీక్షను తమ ఆసుపత్రుల్లో చేపట్టాయి. దేశంలో పుట్టే ప్రతి బిడ్డకూ తప్పనిసరిగా చేసే జాతీయ కార్యక్రమం మాత్రం లేదు. అది లేనంత కాలం శివకాశి పక్క ఊళ్లలోనో, మిరప పొలాల మధ్య పల్లెల్లోనో పుట్టిన పిల్లల టీఎస్‌హెచ్ మిగతా చోట్ల కన్నా ఎక్కువో తక్కువో చెప్పడానికి కాగితం మీద ఒక్క అంకె కూడా ఉండదు.